వానకును జ్వరమునకును నడుమ



వానలు వెలిసిన పిదప చలిజ్వరములు వచ్చునని మన పెద్దలెల్లరు ఎరుగుదురు. కాని ఆ రెంటి నడుమ ఏమి జరుగునో చాలకాలము ఎవరికిని తెలియలేదు. పాశ్చాత్య వైద్యులు సైతము చెడుగాలియే కారణమని తలచిరి. మలేరియా యను ఇటలీ మాటకు అర్థమదియే.

ఆ రహస్యము మన తెలుగునేలపై బయలుపడినది. 1897 ఆగస్టు 20వ తేదీన, వానకాలమున, సికిందరాబాదు చెంత బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు, రోగి నెత్తురు త్రాగిన దోమను కోసి చూచి, దాని కడుపుగోడలో మలేరియా క్రిమిని కనుగొనెను. హుసేన్ ఖాన్ అను ఆ రోగికి, కుట్టిన దోమకొక అణా చొప్పున ముట్టెను. రాసునకు 1902లో నోబెలు బహుమానము లభించెను. ఆ కట్టడము నేడు సీతాఫల్‌మండి, తార్నాకల ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందియున్నది.

ఇక లెక్క వినుడు. నీటిలోని గ్రుడ్డు పురుగై, రెక్కలు దాల్చి దోమ యగుటకు వెచ్చని దినములలో వారము మొదలు పదిదినములు పట్టును. రోగిని కుట్టిన దోమలో క్రిమి పక్వమగుటకు మరి పది పండ్రెండు దినములు కావలెను. ఆ దోమ వేరొకని కుట్టిన పిదప జ్వరము పైకి తేలుటకు ఇంచుమించు రెండు వారములగును. గాలిలో తేమయు, 25 మొదలు 28 సెంటీగ్రేడు డిగ్రీల వేడియు నున్నచో ఈ పని చక్కగా సాగును. సుమారు 16 డిగ్రీలకు దిగువ క్రిమి పెరుగదు. మండువేసవి పొడిగాలిలో దోమ చిరకాలము బ్రతుకదు.

వాన హెచ్చినకొలది జ్వరము హెచ్చునని యెంచరాదు. కుండపోత వాన దోమపురుగులను కొట్టుకొనిపోవును. వెలిసిన తరువాత నిలిచిన నీరే వాటికి నెలవు. సింహళమున 1934-35లో వానలు లేక నదులు మడుగులుగా మిగులగా, మలేరియా చెలరేగి దాదాపు ఎనుబదివేలమంది మడిసిరి. నీటి కరవున మనము నీరు దాచుకొను మూతలేని తొట్లలో, పగలు కుట్టు డెంగ్యూ దోమ పెరుగును. దాని గ్రుడ్లు ఎండిన తొట్టిగోడ నంటి నెలలకొలది నిలిచి, నీరు తగిలినంతనే పొదుగును.

మబ్బులు మన యాజ్ఞలో లేవు. నెల గడువు మాత్రము మన చేతిలో నున్నది. విత్తుటకు కార్తెను చూచునట్లే, వాన వెలిసిన దినమును గుర్తుంచుకొనుడు. నాటినుండి వారమున కొకదినము తొట్లు వంపి, గోడలు రుద్ది, ఆరబెట్టింపుడు. బానలకు మూతలు వేయింపుడు, గుంటలు పూడ్పింపుడు. చలిజ్వరము వచ్చినవారికి వెంటనే నెత్తురు పరీక్ష చేయించి, దోమతెరలో పరుండబెట్టుడు. వారి నెత్తురు దోమకు అందకున్న, ఆ జ్వరము పొరుగింటికి పోజాలదు.