పేరును అద్దెకు తెచ్చుకొను వ్యాపారము

(అరకు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన కొండలలో నేడు తరచుగా వినవచ్చుచున్న మాట ‘ఫ్రాంచైజీ’. బొర్రా గుహలు చూడవచ్చిన యాత్రికుల బండ్లు ఆగుచోట పెద్ద పేరుగల కాఫీ హోటలో, భోజనశాలయో పెట్టెదమని ఎవరో యొకరు మీ యొద్దకు రావచ్చును. వారికి ఔననుటకు గాని కాదనుటకు గాని ముందు ఆ వ్యాపారపు లోగుట్టు తెలిసికొనుట అవసరము.

ఇది పేరును అద్దెకు తెచ్చుకొనుట. పేరుగల సంస్థ తన పేరును, బోర్డును, వంటకముల పద్ధతిని, పనివారికి శిక్షణను ఇచ్చును. అంగడి పెట్టువాడు స్థలమును, పెట్టుబడిని, శ్రమను సమకూర్చుకొని, మొదట ప్రవేశ రుసుమును, ఆపై నెలనెలా రాయల్టీ అను వాటాను చెల్లించును. క్రొత్త అంగడి బేరము కొరకు ఏండ్ల తరబడి ఎదురుచూడ నక్కరలేదు. బోణీనాటికే దానికి పేరుండును. ఇది చిన్న లాభము కాదు. సరకుల కొనుగోలు, శుభ్రత, లెక్కలు వ్రాయుట మన యువకులకు చేతిపనిగా అలవడును.

అయితే ఒక్క మాట గుర్తుంచుకొనుడు. రాయల్టీని సాధారణముగా లాభముపై గాక అమ్మకముపై లెక్కింతురు. నష్టము వచ్చిన నెలలోను దానిని చెల్లింపక తప్పదు. మన లోయకు శీతకాలమున జనము విరగబడి వత్తురు. ముసురు పట్టిన దినములలో అంగడివాడు ఈగలు తోలుకొనవలసినదే. కనుక ‘నెలకు ఇంతకు తగ్గరాదు’ అను షరతు ఒడంబడికలో నున్నచో, అది మన వానకాలము నెరుగనివారు వ్రాసినదని తెలియవలెను.

ఇక ఆచారముల సంగతి. అమెరికాలో రే క్రాక్ అను నతడు 1955లో మెక్‌డొనాల్డ్స్ పేర తన మొదటి అంగడిని తెరచి, ఎచట తిన్నను ఒకే రుచి యను పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసెను. ఆ సంస్థయే 1996లో మన దేశమునకు వచ్చినపుడు గొడ్డుమాంసమును, పందిమాంసమును మానుకొనవలసివచ్చెను. పిదప ఆలుగడ్డ టిక్కీని రొట్టెనడుమ పెట్టి అమ్మసాగెను. కొనువారు గట్టిగా నిలిచిన పేరుగలవాడును వంగును. కాని వంగుమని అడుగువారుండవలెను గదా! అడుగనిచోట మన రాగి అంబలి, సామబియ్యము, బొంగులో వండిన కోడికూర ధరల పట్టికలో కానరావు. కొన్నాళ్లకు మన పిల్లలే వానిని నామోషీగా నెంచుదురు.

నేనొకమారు ఒక పట్టణమున నట్టి అంగడికి పోయితిని. పక్క వీధిలోనే పాడి యున్నను పాలు దూరపు ఊరినుండి వచ్చుచుండెను. ఏల యని అడుగగా, “ఒడంబడికలో అట్లే యున్నదండీ” యని యజమాని నిట్టూర్చెను. ఆ ఒడంబడిక ఇంగ్లీషున నుండెను. సంతకము చేసిననాడు అతడు దానిని చదువలేదట.

పెద్ద పేరు అనగానే అది బయటినుండియే రావలెనని కొందరి తలంపు. మన కాఫీ సంగతి చూడుడు. నీడచెట్ల క్రింద మన గిరిజన రైతులు పండించు ఈ గింజ పేర 2017లో పారిస్ నగరమున దుకాణము వెలసినది. 2019లో ‘అరకు వేలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచట ఒక సూక్ష్మము కలదు. సంస్థ తన వ్యాపార చిహ్నమును అద్దెకీయవచ్చును. భౌగోళిక గుర్తింపును మాత్రము ఎవరును అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అద్దెకీయరాదని 1999 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ పేరు ఈ నేలది. నమోదు పొందిన వాడుకదారులకే దానిని వాడుకొను హక్కు గలదు. మన రైతులు అట్లు నమోదు కావలెను.

స్థలము విషయమున చట్టము మరింత ఖచ్చితమైనది. షెడ్యూల్డు ప్రాంతమున భూమిని గిరిజనేతరునకు అమ్ముటయే గాదు, కౌలుకిచ్చుటయు 1959 నాటి 1వ రెగ్యులేషను, దాని 1970 సవరణ ప్రకారము చెల్లదు. గిరిజనుని పేరు ముందు పెట్టి వెనుక మరియొకరు నడపు అంగళ్లను గూర్చి మీకు నేను చెప్పనక్కరలేదు. గిరిజనులే సభ్యులుగా గల సహకార సంఘమునకు మాత్రము భూమి నీయవచ్చును. కనుక అట్టి సంఘమే ఫ్రాంచైజీని ఏల తీసికొనరాదు? 1950 దశకమున కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయ సంకల్పించినపుడు, పనిపోవు కార్మికులు ఎ. కె. గోపాలన్ గారి ప్రోత్సాహముతో 1957 మొదలు సహకార సంఘములుగా ఏర్పడి వానిని తామే నడుపుకొనిరి. వడ్డించినవారే యజమానులైరి. మనకు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ యున్నది. చింతపండు, తేనె, కాఫీ కొను ఆ సంస్థను సలహా అడుగుట సులభము.

ఎవరైనను ఒడంబడిక తెచ్చినచో గ్రామసభలో దానిని తెలుగునను, ఊరివారు మాటలాడు కువి, ఒడియా భాషలలోను చదివించుడు. గడువు ఎన్నియేండ్లు, గడువు తీరిన పిదప అదే చోట స్వంత పేరుతో అంగడి పెట్టుకొననిత్తురా, కాఫీగింజ, పాలు, కూరలు మన ఊళ్లనుండి కొందురా, పట్టికలో మన వంటకము ఒకటైన నుండునా యని అడుగుడు. సమాధానములను నోటిమాటగా విడువక ఒడంబడికలోనే వ్రాయించి, ఒక ప్రతిని పంచాయతీ కార్యాలయమున నుంచుడు.