అమ్మోనియా వాయువు – ముక్కుకు తోడుగా ఒక చిన్న కాపలాదారు



మీవారి మంచం పక్క నుండి లేచి వచ్చి, ఈ నాలుగు మాటలు వినడానికి కూర్చున్నందుకు కృతజ్ఞతలు. ఈ రోజు మనము అమ్మోనియా వాయువును గురించి, దానిని ముందుగా పసిగట్టే ఒక చవకైన పరికరమును గురించి తెలుసుకుందాము.

మన విశాఖపట్నంలో చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యలను నిల్వ చేసే శీతల గిడ్డంగులు ఉన్నాయి. ఇటువంటి చోట్ల చల్లదనము కోసం యంత్రాలలో తరచుగా వాడేది అమ్మోనియాయే. ఎరువుల తయారీకి కూడా అదే కావాలి. గొట్టములో ఉన్నంతవరకు అది మనకు మేలు చేస్తుంది. బయటకు వస్తే మాత్రం కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తులలో ఉండే తడితో కలిసి ఘాటైన క్షారముగా మారి ఆ భాగాలను కాల్చివేస్తుంది. ఉబ్బసము ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు ముందుగా దెబ్బ తింటారు.

"అంత ఘాటు వాసన తెలియకుండా పోతుందా?" అని మీరు అడగవచ్చు. మొదట తెలుస్తుంది. కాని రోజూ ఆ గాలిలో పనిచేసేవారి ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. నిద్రలో ఉన్నవారికి వాసన సరిగా తెలియదు. 2020 మే 7 తెల్లవారుజామున మన ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగినది గుర్తు చేసుకోండి. అది అమ్మోనియా కాదు, స్టైరీన్ ఆవిరి. జనం నిద్రలో ఉండగానే అది ఇళ్లలోకి వచ్చింది. 12 మంది ప్రాణాలు కోల్పోయారు. హెచ్చరిక సైరను మోగలేదని విచారణ కమిటీ తేల్చింది. ముందుగా తెలియడం ఎంత అవసరమో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పరికరము సంగతి. దీనిని సెమీకండక్టర్ సెన్సార్ అంటారు. 1962లో జపానుకు చెందిన టగుచి అనే ఆయన ఈ పద్ధతికి పేటెంటు కోరారు. లోపల తగరపు ఆక్సైడు పూత, దానిని వేడి చేసే చిన్న తీగ ఉంటాయి. వేడెక్కిన పూతను గాలిలోని ఆక్సిజన్ అంటిపెట్టుకుని, కరెంటు సులువుగా పారనివ్వదు. అమ్మోనియా వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోగానే కరెంటు దారి తెరుచుకుంటుంది. ఆ తేడాను పసిగట్టి గంట మోగుతుంది. సాధారణ రకాలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి.

అయితే దీని లోపాలు కూడా తెలుసుకోండి. పొగకు, వంట గ్యాసుకు, స్పిరిటు ఆవిరికి కూడా ఇది మోగుతుంది. మన సముద్రపు తేమకు దీని లెక్క తప్పుతుంది. కరెంటు పోతే పనిచేయదు. కాబట్టి గంట మోగితే జాగ్రత్త పడాలి గాని, మోగలేదు కాబట్టి ప్రమాదము లేదని అనుకోకూడదు. 8 గంటల పనికి గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్ల అమ్మోనియాను పరిమితిగా పెట్టారు. 300 పాళ్లు చేరితే ప్రాణాపాయము. ఈ కొలతలు సరిచూసిన పెద్ద పరికరాలతోనే తీయాలి.

అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి సెన్సారును పైకప్పు దగ్గర పెట్టాలి. మీ ఇంటివారు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే, "అక్కడ గంట ఉందా? ఎప్పుడు పరీక్షించారు? మోగితే ఏ దారిన బయటకు రావాలి?" అని ఈ రాత్రే అడగండి.

వాయువు వచ్చినప్పుడు చేయవలసినవి:

1. తడిగుడ్డ ముక్కుకు, నోటికి అడ్డు పెట్టుకోండి. అమ్మోనియా నీటిలో సులభముగా కరుగుతుంది.
2. గాలి వీచే దిక్కు చూసి, వాయువుకు అడ్డముగా పక్కకు వెళ్లండి. తెల్లని మంచులా నేలను పట్టి వస్తుంటే దానిలోకి పోవద్దు.
3. కళ్లు మండితే నలపవద్దు. 15 నిమిషాలకు తక్కువ కాకుండా మంచినీటితో కడగండి.
4. వాయువు పట్టిన బట్టలు తీసివేయండి. చర్మానికి అతుక్కుపోతే లాగకుండా నీళ్లు పోయండి.
5. 108కి ఫోను చేయండి. కొంతసేపు బాగానే ఉన్నా, కొన్ని గంటల తరువాత ఆయాసము రావచ్చు. అందుచేత డాక్టరుకు తప్పక చూపించండి.

సెన్సారు మనలను లేపగలదు గాని, చేయి పట్టుకుని బయటకు నడిపించలేదు. ఆ దారి మీ ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి.