అంబులెన్సు సిబ్బంది నియమాలు – కుటుంబ సభ్యుల బాధ్యతలు
(ప్రసంగ పాఠం)



బెంగళూరులో ఏ తెలుగు ఇంటిలోనైనా సంభవించదగిన సన్నివేశం ఇది. అర్ధరాత్రి వేళ తల్లికి మాట తడబడింది, కుడి చేయి పైకి లేవలేదు. కుమారుడు 108కు ఫోన్ చేశాడు. అంబులెన్సు సిబ్బంది వచ్చి, ఆమెను తక్షణమే ఎత్తుకొని వెళ్లలేదు. శ్వాసను, నాడిని పరిశీలించారు. రక్తంలో చక్కెరను పరీక్షించారు. “అమ్మగారు చివరిసారి బాగుండగా చూసినది ఎన్ని గంటలకు?” అని అడిగారు. “ఇప్పుడు ప్రశ్నలా? ముందు బయలుదేరండి!” అని కుమారుడు కేకలు వేశాడు.

అతని ఆవేదన సహజమైనదే. కాని ఆ ప్రశ్న కాలయాపన కాదు. చికిత్సకు అదే తొలి మెట్టు. మెదడులో రక్తనాళం పూడుకొనిపోయినప్పుడు గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఆ లెక్క రోగి చివరిసారి ఆరోగ్యంగా కనిపించిన క్షణం నుండి మొదలవుతుంది. చక్కెర బాగా పడిపోయినా పక్షవాతం వంటి లక్షణాలే కనిపించవచ్చు. అందుకే ఆ పరీక్ష.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైంది. కర్ణాటకలో 2008లో ‘ఆరోగ్య కవచ’ పేరిట ప్రవేశించింది. ఇది ఉచిత సేవ. వాహనంలో నడిపే పైలట్‌తో పాటు శిక్షణ పొందిన ఈఎంటీ ఉంటారు. వారు పాటించే నియమాలలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది, స్థలం సురక్షితమో కాదో చూచుకోవడం. విద్యుత్తు తీగ తెగిపడిన చోట సిబ్బందియే గాయపడితే రోగిని కాపాడేవారుండరు. రెండవది, కదిలించుటకు ముందు స్థితిని కుదుటపరచడం. రక్తస్రావాన్ని ఆపాలి, మెడకు గాని వెన్నెముకకు గాని దెబ్బ తగిలిందన్న అనుమానముంటే కదలకుండా కట్టి స్ట్రెచర్ మీదికి చేర్చాలి. మూడవది, సమ్మతి. స్పృహలో ఉన్న వయోజనుని అనుమతి అడగాలి. స్పృహ లేనివారికి సమ్మతి ఉన్నట్లే భావించి ప్రాణరక్షణ చేయాలి. నాలుగవది, ఆసుపత్రి ఎంపిక. కుటుంబానికి పరిచయమున్న ఆసుపత్రి కన్నా, ఆ వ్యాధికి తగిన వసతులున్న సమీప ఆసుపత్రియే మేలు. పక్షవాతానికి సీటీ స్కాన్ లేని చోటికి వెళితే విలువైన సమయం వ్యర్థమవుతుంది. చివరిది, అప్పగింత. దారిలో చూచినవి, చేసినవి వ్రాతపూర్వకంగా ఆసుపత్రి వైద్యులకు తెలపాలి.

పోలీసు కేసవుతుందన్న భయంతో వైద్యం ఆలస్యం కారాదు. లాంఛనాల కన్నా ప్రాణరక్షణయే ముందని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితునికి సద్భావంతో సాయపడినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి అదే చట్టం 10,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, రెండూ గాని విధించవచ్చునన్నది.

కుటుంబం చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంటి చిరునామాను, సమీపంలోని గుర్తును కన్నడంలోను ఇంగ్లీషులోను వ్రాసి ఫోన్ దగ్గర ఉంచుకోవాలి. ఇంట్లో తెలుగు మాత్రమే వచ్చిన పెద్దలుంటే పక్కింటివారికి ముందే చెప్పి ఉంచాలి. ఒకరు వీధి మలుపులో నిలబడి వాహనానికి దారి చూపాలి. వాడుతున్న మందుల అట్టలు వెంట ఇవ్వాలి. మద్యం, పురుగుమందు వంటివాటిని సిగ్గుచేత దాచరాదు. స్పృహ తప్పినవారి నోట నీరు పోయరాదు.

ఆ రాత్రి కుమారుడు చెప్పవలసినది ఒక్క మాట: “పది గంటలకు అన్నం తింటూ బాగానే మాట్లాడింది.” ఆ ఒక్క మాట తెలిస్తే వైద్యులు ఆ తల్లి చికిత్సను సకాలంలో నిర్ణయించగలరు.