ఆయాసానికి కొలతలు



ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలుచని బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీదుగా ఒక్కసారి లాగితే రేకు తయారు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి పనిలో పొగ తప్పదు. ఏళ్ల తరబడి మంట ముందు కూర్చున్నవారికి దగ్గు, ఆయాసం వస్తే పొగవల్లనేలే అని సరిపెట్టుకుంటారు. వయసు పైబడితే పెద్దతనం అంటారు. పొగవల్ల శ్వాసనాళాలు ఇరుకైపోయే జబ్బు రావడం మామూలే. కానీ కొందరిలో ఆ ఆయాసం వెనుక ఉన్నది వేరే జబ్బు. ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడటం. దాన్నే డాక్టర్లు పల్మనరీ ఫైబ్రోసిస్ అంటారు.

ఊపిరితిత్తుల్లో గాలి గదుల గోడ వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉండదు. ప్రాణవాయువు ఆ గోడ దాటే రక్తంలో కలవాలి. గోడ మందమైతే దాటడం కష్టం. అందుకే కూర్చున్నంతసేపు బాగానే ఉంటుంది, నాలుగడుగులు వేస్తే రొప్పు వస్తుంది. పొడిదగ్గు నెలల తరబడి వదలదు. డాక్టరు వీపు మీద స్టెతస్కోపు పెడితే వెల్‌క్రో పట్టీ ఊడదీసినట్టు చరచరమంటుంది. ఎక్స్‌రేలో మచ్చలు చూసి క్షయ అనుకునే ప్రమాదం ఉంది కనుక కళ్లె పరీక్ష, సీటీ స్కాన్ రెండూ అవసరం.

ఇది ఎందుకు వస్తుంది? 2012 నుంచి 2015 దాకా మన దేశంలోని 19 నగరాల్లో, 27 ఆసుపత్రులు కలిసి ఈ కోవకు చెందిన 1,084 మంది రోగుల వివరాలు నమోదు చేశాయి. వారిలో దాదాపు సగం మందికి జబ్బు తెచ్చింది పీల్చే గాలిలోని బూజు, పక్షుల రెట్టల ధూళి లాంటివి ఒంటికి పడకపోవడమే. శుభ్రం చేయని ఎయిర్ కూలర్లు అందులో పెద్ద అనుమానితులు. వానలో తడిసి బూజుపట్టిన వరిగడ్డి కదిలించినా అదే ముప్పు. మిగతావాటిలో కీళ్లవాతంతో వచ్చేవీ, కారణం తెలియనివీ ఉన్నాయి.

ఇక అసలు సంగతికి వద్దాం. జబ్బు ఎంత ముదిరిందో తెలిసేదెలా? 1846లో జాన్ హచిన్‌సన్ అనే డాక్టరు లండన్‌లో స్పైరోమీటరు గురించి లోకానికి చెప్పాడు. గుండెల నిండా గాలి పీల్చి ఊదే ఆ పరీక్షే ఇప్పటికీ ఆధారం. దానికి తోడు ఆరు నిమిషాల నడక: 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించి ఎంత దూరం వెళ్లారో, వేలికి పెట్టిన ఆక్సీమీటరులో రక్తంలోని ప్రాణవాయువు అంకె ఎంత పడిపోయిందో రాసుకుంటారు.

అయితే ఈ అంకెలు మనిషి సంగతంతా చెప్పవు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులు గట్టిపడిన చోటును మెత్తబరచవు, గట్టిపడే వేగాన్ని తగ్గిస్తాయి. ఊదే పరీక్ష నిలకడగా ఉంటే మందు పనిచేస్తోందని కాగితం చెబుతుంది. మందువల్ల అన్నం సయించడం లేదనీ, విరేచనాలు పట్టుకున్నాయనీ, దగ్గుతో రాత్రి కంటిమీద కునుకు లేదనీ కాగితానికి తెలియదు. అందుకే రోగి మాటను కూడా కొలతగా లెక్కించే పద్ధతులు వచ్చాయి. లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి డాక్టర్లు 2012లో కె-బిల్డ్ అనే 15 ప్రశ్నల పత్రం తెచ్చారు. గత రెండు వారాల్లో మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా, జబ్బు గురించి దిగులుగా ఉందా, జబ్బువల్ల డబ్బుకు ఇబ్బంది పడుతున్నారా అని అడిగి, నూటికి ఇన్ని మార్కులని వేస్తారు. మార్కులు ఎక్కువైతే మనిషి బాగున్నట్టు.

ఆయాసానికి మరో చిన్న కొలత ఉంది, సున్నా నుంచి నాలుగు దాకా. బరువు పని చేస్తేనే ఆయాసమైతే సున్నా. వేగంగా నడిచినా, చిన్న ఎత్తు ఎక్కినా వస్తే ఒకటి. మన గోదావరి డెల్టాలో కొండలు లేవు గనుక ఏటిగట్టు ఎక్కేటప్పుడు అనుకోండి. చదును నేల మీద తోటివారితో సమంగా నడవలేకపోతే రెండు. వంద మీటర్లకే ఆగాల్సివస్తే మూడు. బట్టలు మార్చుకోవడానికే రొప్పితే నాలుగు.

ఇక్కడొక చిక్కుంది. ఆయాసం ఎలా ఉందమ్మా అని డాక్టరు అడిగితే, బాగానే ఉందండి అనేవారు చాలామంది. అబద్ధం కాదు. ఆయాసం వచ్చే పనులన్నీ ఒక్కొక్కటే మానేశారు! బావి దగ్గరకు కోడలు వెళ్తోంది, బజారుకు మనవడు వెళ్తున్నాడు. ఇక ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది? మానేసిన పనులే జబ్బును దాచేస్తాయి.

కాబట్టి ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టండి. నెలకోసారి మూడు సంగతులు రాయండి. ఆగకుండా ఎంత దూరం నడిచారు? వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వెళ్లేవారైతే అక్కడ చేసే ఏడు ప్రదక్షిణల్లో ఎక్కడ ఆగారో రాస్తే చాలు, అదే మంచి కొలత. రెండోది, దగ్గువల్ల నిద్ర ఎన్ని రాత్రులు చెడింది. మూడోది, ఈ నెలలో ఏ పని మానేశారు. ఆక్సీమీటరు ఉంటే గోళ్ల రంగు తీసేసి, కూర్చున్నప్పుడు ఒకసారి, నడిచాక ఒకసారి అంకె చూడండి. నడిస్తే 88 లేదా అంతకంటే తక్కువకు పడిపోతుంటే డాక్టరుకు చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం పెరిగినా, జ్వరం తోడైనా నోట్‌బుక్ సంగతి తర్వాత, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు, ఎలా ఉందని అడగ్గానే బాగానే ఉందనకండి. పోయినసారి చేసి, ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏమిటో ముందు అది చెప్పండి. రోగి మొహమాటపడితే ఆ మాట పక్కనున్నవారు చెప్పండి. మందు మార్చాలా, ఆక్సిజన్ పెట్టాలా, వ్యాయామం నేర్పాలా అని డాక్టరు ఆలోచించేటప్పుడు ఊదే పరీక్ష అంకె ఎంత ముఖ్యమో, మీరు చెప్పే ఆ ఒక్క మాటా అంతే ముఖ్యం.