‘పెట్’ – ఒక్క మాట, పలు పుట్టుకలు
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగును తగ్గించాలనే అభిప్రాయం తల్లిదండ్రులలో బలపడుతున్న కాలమిది. ఆ అభిప్రాయం ఎంతవరకు సమంజసమో ఒక చిన్న ఇంగ్లీషు మాటతో పరీక్షించి చూడవచ్చు. ఆ మాట కోసం నిఘంటువు తెరవనక్కరలేదు. చిక్కపేట వీథిలో తల పైకెత్తితే చాలును. ఇక్కడి శాసనసభ నియోజకవర్గపు పేరును ఇంగ్లీషులో వ్రాసినప్పుడు చివర మిగిలేవి మూడక్షరాలు: పి, ఇ, టి. ‘చిక్‌పెట్’! ఇంగ్లీషు వాచకంలో ‘పెట్’ అంటే పెంపుడు జంతువని వల్లించిన పసివాడు ఈ బోర్డు చదివి తికమకపడితే, అది ఆ బిడ్డ మందబుద్ధి కాదు. ఒక మాటకు ఒకే అర్థం నేర్పిన పద్ధతిలోనే లోపమున్నది.

మొదట ఆ ‘పెంపుడు’ అర్థాన్నే పరిశీలించాలి. ఈ మాట స్కాట్లండు, ఉత్తర ఇంగ్లండు ప్రాంతాలలో సుమారు 500 సంవత్సరాల క్రితం వ్రాతకెక్కింది. 18వ శతాబ్ది మధ్యకాలం దాకా అది ఆ ప్రాంతపు మాండలికమే. గారాబంగా పెంచిన బిడ్డకు, చేతితో పాలుపట్టి సాకిన గొర్రెపిల్లకు ఆ పేరు వాడేవారు. దాని మూలం ఇదమిత్థమని తేలలేదు. గేలిక్ భాషలోని ఒక మాటతో కొందరు పండితులు సంబంధం కలిపారు. ‘చిన్న’ అనే అర్థమున్న ‘పెట్టీ’ ప్రభావం ఉన్నదని మరికొందరు తలచారు. అవే అక్షరాలతో ‘అలక’ అనే అర్థమిచ్చే మరొక ‘పెట్’ కూడా ఇంగ్లీషులో ఉన్నది. గారాబమున్న ఇంట అలక కూడా ఉంటుందని తెలుగువారికి తోచడం సహజం. అయినా ఆ రెండు మాటలకు చుట్టరికమున్నదని రుజువు కాలేదు. పాఠశాలలో వినిపించే ‘టీచర్స్ పెట్’ అనే మాట ఆ గారాబం నుండి వచ్చినదే. తరగతిలో ఒకరు ముద్దుబిడ్డ అయితే తక్కినవారు సవతి బిడ్డలవుతారని ఉపాధ్యాయులకు ఆ మాట నిత్యం చేసే హెచ్చరిక.

ఇందాక వచ్చిన ‘పెట్టీ’ ఫ్రెంచి వారి ‘పెతీ’ నుండి పుట్టింది. చిక్కపేట వర్తకులకు అది కొత్త మాట కాదు. చిల్లర ఖర్చుల పద్దు ‘పెట్టీ క్యాష్’. చీరల దుకాణంలో అడిగే ‘పెట్టికోటు’ కూడా అక్షరాలా ‘చిన్న కోటు’. మొదట అది పురుషులు పైకోటు లోపల తొడిగే పొట్టి చొక్కా. తరువాత స్త్రీల వస్త్రానికి పేరయింది. డబ్బు దాచే తెలుగు ‘పెట్టె’కు మాత్రం వీటితో ఏ బంధుత్వమూ లేదు. ధ్వని కలిసినంత మాత్రాన వంశం కలవదు.

ఇరవయ్యవ శతాబ్దిలో ఇవే మూడక్షరాలు పొడి అక్షరాలుగా కొత్త జన్మలెత్తాయి. పాఠశాలలో పి.ఇ.టి. అంటే వ్యాయామోపాధ్యాయులు. నీళ్ల సీసా అడుగున కనిపించే ‘పెట్’ పాలిఇథిలీన్ టెరిఫ్తాలేట్ అనే పదార్థం. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు దానిని రూపొందించారు. ఒకనాడు తండ్రులు మోజుపడి కుట్టించుకున్న టెరిలిన్ చొక్కా, ఈనాడు పిల్లలు పట్టుకువచ్చే నీళ్ల సీసా ఒకే పదార్థపు రెండు రూపాలు! పట్టుచీరకు పోటీ వచ్చిన పాలిస్టర్ చీర కూడా ఆ కుటుంబానిదే. ఇక వైద్యుని చీటీలోని ‘పెట్ స్కాన్’లో మొదటి అక్షరం పాజిట్రాన్ అనే కణానిది. ఆ కణాన్ని 1932లో ఆండర్సన్ కనుగొన్నారు. క్యాన్సరు కణాలు చక్కెరను అధికంగా గ్రహిస్తాయి గనుక, రేడియోధార్మికత గల చక్కెర వంటి పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, అది ఎక్కడ పోగుపడినదో ఆ యంత్రంతో చూస్తారు. ఆ చీటీ పట్టుకొని ఆసుపత్రిలో నిలబడిన తల్లికి కావలసినది వల్లించిన అర్థం కాదు. ‘ఇక్కడ ఈ మాటకు అర్థమేమిటి?’ అని అడగగలిగే ధైర్యం.

ఇన్ని పుట్టుకలలో ఏ ఒక్కదానికీ చిక్కపేటలోని ‘పెట్’ చెందదు. దాని ఇల్లు వేరు. సూర్యాపేట, నాయుడుపేట, చిలకలూరిపేటలలోని ‘పేట’ అది. కన్నడంలో ‘పేటె’, తమిళంలో ‘పేట్టై’. బెంగుళూరు నగరాన్ని 1537లో నెలకొల్పిన కెంపేగౌడ తెలుగులో ‘గంగాగౌరీవిలాసం’ అనే యక్షగానం రచించినట్లు ప్రసిద్ధి. ఇక్కడి పేటలు వృత్తులను బట్టి వెలసినవి. బియ్యానికి అక్కిపేట, దూదికి అరళెపేట, గాజులకు బళెపేట, కుమ్మరులకు కుంబారపేట. దొడ్డపేట నేటి అవెన్యూ రోడ్డు. దానికి అడ్డంగా సాగిన వీథి చిక్కపేట. చిక్క అంటే చిన్న.

కుంపిణీ వారు ఈ ‘పేట’ను ‘పెట్టా’ అని వ్రాసుకున్నారు. 1791 మార్చి 7న కార్న్‌వాలిస్ సేన బెంగుళూరు పెట్టాను, అదే నెల 21న కోటను పట్టుకున్నది. యూల్, బర్నెల్ కూర్పుగా 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాట, కోటను ఆనుకొని వెలుపలనున్న జనావాసం అనే అర్థంతో, తమిళ మూలంతో చోటు చేసుకున్నది. కొలంబో నగరపు బజారును నేటికీ పెట్టా అనే అంటారు. ఇంగ్లీషు దక్షిణ భారతం నుండి అప్పు తీసుకున్న మాట ఇది. అప్పిచ్చిన ఇంటి పిల్లలు దానిని పరాయి మాటగా చూడనక్కరలేదు.

తెలుగు వచ్చిన బిడ్డకు ఇందులో ఉన్న వెసులుబాటు గమనింపదగినది. ‘పేట’ అంటే ఊరి భాగమనీ, ‘మూడు పేటల గొలుసు’లో వరుస అనీ ఆ బిడ్డకు ముందే తెలుసు. సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందన్న భాషాసూత్రాన్ని అమ్మ ఒడిలోనే నేర్చుకున్నది. ఆ సూత్రాన్నే ఇంగ్లీషుకు అన్వయించమని చెప్పడం ఉపాధ్యాయుల పని. ఇంట్లో తల్లిదండ్రులు చేయవలసినది స్వల్పం. బిడ్డ కొత్త మాట తెచ్చినప్పుడు, ‘ఎక్కడ చూశావు? దాని పక్కన ఏ మాటలున్నాయి?’ అని తెలుగులో అడగడం. అడగడానికి తల్లిదండ్రులకు ఇంగ్లీషు రానవసరం లేదు. తెలుగును తగ్గిస్తే ఆ సంభాషణే ఆగిపోతుంది.

ఈ ఉత్సవానికి పేరిచ్చిన లోహం సంగతి కూడా ఒక్కమాట. ప్లాటినం అనే పేరు స్పానిషు వారి ‘ప్లాటినా’ నుండి వచ్చింది. ‘చిన్న వెండి’ అని దాని అర్థం. దక్షిణ అమెరికాలో బంగారు రేణువులతో కలిసి వచ్చే ఆ తెల్లని లోహాన్ని తొలుత పనికిరానిదిగా భావించారు. విలువ తెలియడానికి కాలం పట్టింది. చిన్నదని పేరు పడిన ఈ పేటలో తెలుగు చదువును 75 సంవత్సరాలు నిలిపినవారు దాతలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు. పూర్వ విద్యార్థులు తమ పిల్లలతో ఇంట తెలుగులో మాట్లాడడమే ఈ పాఠశాలకు వారివ్వగల జూబ్లీ కానుక.

స్వస్తి.