చేతిలో ఫోను - ఒడిలో బిడ్డ

ఎడ్లపాడు మండలంలోని అన్నలారా, అక్కలారా, కొత్తగా కాపురం పెట్టిన దంపతులారా!

మీలో కొందరు మిరప చేల నుంచి, కొందరు స్పిన్నింగు మిల్లుల నుంచి అలసి వచ్చారు. అందుకని ఒక్క సంగతే చెబుతాను.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఆరోగ్యం గురించీ, కుటుంబ నియంత్రణ గురించీ ఊళ్ళో జనం ఒకే పెట్టె ముందు కూర్చుని చూశారు. ఈనాడు ఆ పెట్టె అరచేతిలోకి వచ్చింది. చూసేది ఒక్కరే. "ఇది నిజమేనా?" అని అడగటానికి పక్కన మనిషి లేడు.

ఆ ఒక్కరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ గర్భిణి అయితే? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ళ స్త్రీలలో 100కి సుమారు 13 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో. ఇంకా ఎదగవలసిన ఒంటికి అది పెద్ద భారం. గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, బరువు తక్కువ బిడ్డ - ఈ ప్రమాదాలు ఆ వయసులో ఎక్కువ.

ఆ పిల్లకు వెయ్యి సందేహాలు. అత్తగారిని అడగాలంటే భయం, భర్తను అడగాలంటే సిగ్గు. అందుకే ఫోనును అడుగుతుంది. అందులో డాక్టరు మాటా ఉంటుంది, పుకారూ ఉంటుంది. రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

ఐరన్ మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందంటారు. అబద్ధం. ఆ మాత్రలు రక్తం పట్టటానికే. పుట్టిన బిడ్డకు తేనె నాకించమంటారు. వద్దు. ముర్రుపాలే పట్టండి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప, పల్నాటి ఎండల్లో కూడా, మంచినీళ్ళు సైతం అక్కర్లేదు. కాపర్-టి గుండెకు ఎక్కుతుందంటారు. గర్భసంచి నుంచి గుండెకు దారే లేదు.

భర్తలారా! ఆమె చేతిలోంచి ఫోను లాక్కోకండి. లాక్కుంటే సందేహం పోదు, లోపలే ఉండిపోతుంది. పక్కన కూర్చుని మీరూ వినండి. విన్నది నర్సమ్మకో, ఆశా కార్యకర్తకో చెప్పి, ఔనన్నాకే ఆచరించండి. పరీక్షకు తోడు వెళ్ళండి. వయసు తక్కువని సిగ్గుపడి ఆసుపత్రికి దూరంగా ఉండవద్దు.

రక్తస్రావం, ముఖం వాపు, విడవని తలనొప్పి, చూపు మసకబారటం, ఫిట్సు, బిడ్డ కదలిక తగ్గటం - వీటిలో ఏది కనిపించినా వీడియోలు వెతకవద్దు. వెంటనే 108కి ఫోను చెయ్యండి. ఫోను అసలు ఉపయోగం అప్పుడే.

ఇక బిడ్డ పుట్టాక. ముట్టు తిరిగి రాకముందే మళ్ళీ నెల తప్పవచ్చు. కాన్పుకు, కాన్పుకు మధ్య మూడేళ్ళ ఎడం ఉంటే తల్లి ఒళ్ళు కోలుకుంటుంది, బిడ్డకు పాలు దక్కుతాయి. నిరోధ్ ఉంది. కాన్పయిన 48 గంటలలోపే వేయించుకోగల కాపర్-టి ఉంది. మూడు నెలలకొకసారి చేసే అంతర ఇంజక్షను ఉంది. పాలిచ్చే తల్లి కూడా వాడదగిన ఛాయ మాత్ర ఉంది. ఏది మీకు తగినదో ఆరోగ్య కేంద్రంలో ఇద్దరూ కలిసి అడగండి.

ఇంట్లో ఇంకా పెళ్ళికాని చెల్లెలు ఉందా? పద్దెనిమిది నిండందే పెళ్ళి చెయ్యటం నేరం. ఇరవై దాటాక తొలి కాన్పు అయితే తల్లికీ మేలు, బిడ్డకూ మేలు.

ఫోనులో వినండి, నర్సమ్మను అడగండి, ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.