లెక్కల పుస్తకం, మొక్కల పుస్తకం

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇలాంటి సభల్లో మామూలుగా పెద్ద హోదాల్లో ఉన్నవారు మాట్లాడతారు. నన్నెందుకు పిలిచారండీ అని కార్యదర్శిగారిని అడిగితే, "మీరు చరిత్ర పుస్తకాలు చదువుతారు కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని ఈ రోజు ఒక ఉద్యోగి కథ చెబుతాను. ఆయన మనవాడు కాదు. హాలెండు దేశస్థుడు. కానీ మన తీరంలో కొన్నేళ్ళు పనిచేశాడు. ఉద్యోగం దొరకడం గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. దొరికిన తరువాత కుర్చీలో కూర్చుని ఏం చేయాలో ఈయన జీవితంలో కనిపిస్తుంది. ఏం చేస్తే చాలదో కూడా కనిపిస్తుంది.

ముందుగా చోటు చెబుతాను. మన చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో పులికాట్ ఉంది. తమిళంలో పళవేర్కాడు అంటారు. తెలుగువారు ప్రళయకావేరి అన్నారు. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. 1610లో డచ్చివారు విజయనగర రాజు వేంకటపతి రాయల అనుమతితో అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. 1613కల్లా గెల్డ్రియా అనే కోట లేచింది. అంతకు ముందే, 1605, 1606 ప్రాంతాల్లో, మచిలీపట్నంలోనూ నిజాంపట్నంలోనూ వారి గిడ్డంగులు వెలిశాయి. తరువాత పాలకొల్లు, భీమునిపట్నం కూడా చేరాయి.

వాళ్ళకు కావలసింది మన బట్ట. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివారు వెండి కంటే మన తీరపు నేతబట్టలు, అద్దకపు బట్టలు ఎక్కువగా అడిగేవారు. ఇక్కడ బట్ట కొని, అక్కడ మసాలా దినుసులకు మార్చి, వాటిని యూరపులో అమ్మేవారు. మన నేతగాళ్ళ మగ్గం మీద ఆ కంపెనీ లాభం నడిచింది. ఆ డచ్చి ఈస్టిండియా కంపెనీలోనే మన కథానాయకుడు పనిచేశాడు.

ఆయన పేరు హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్. 1636లో ఆమ్‌స్టర్‌డాంలో పుట్టాడు. పెద్దింటి వంశమే. అయినా 1656లో, ఇరవయ్యేళ్ళ వయసులో, కంపెనీలో మామూలు సైనికుడిగా చేరి ఓడ ఎక్కాడు. 1663లో డచ్చివారు పోర్చుగీసువారి నుంచి కొచ్చిన్‌ను గెలిచిన యుద్ధంలో పనిచేశాడు. మెట్టుమెట్టుగా ఎదిగి 1670 నుంచి 1677 వరకు మలబారు తీరానికి అధిపతిగా ఉన్నాడు. కంపెనీ పుస్తకాల్లో ఆ హోదా కమాండరు. మనం గవర్నరు అంటాం.

1678లో స్వదేశం తిరిగివెళ్ళి, ఉట్రెక్ట్ ప్రాంతపు కులీనుల సభలో సభ్యుడై రాజకీయాల్లో స్థిరపడ్డాడు. అక్కడితో హాయిగా ఉండిపోవచ్చు. కానీ 1684లో కంపెనీ డైరెక్టర్లు ఆయనను కమిషనర్ జనరల్‌గా నియమించి మళ్ళీ తూర్పుదేశాలకు పంపారు. పని ఏమిటంటే ఆడిట్. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఇన్‌స్పెక్షన్.

అప్పట్లో కంపెనీ ఉద్యోగుల జీతాలు తక్కువ. కంపెనీ ఓడల్లోనే సొంత సరుకు దాచి పంపుకోవడం, కొన్న ధర ఒకటైతే పుస్తకంలో మరొకటి రాయడం, దుబాసీలతో, దళారులతో వాటాలు పంచుకోవడం రివాజైపోయింది. పైవాడు తింటున్నాడు కాబట్టి కిందివాడు తింటాడు. కిందివాడు తింటున్నాడు కాబట్టి పైవాడు అడగలేడు. వీటన్నిటినీ తనిఖీ చేసి తప్పుచేసినవారిని తొలగించే అధికారం వాన్ రీడ్‌కు ఇచ్చారు.

1685లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌లో పని మొదలుపెట్టాడు. అక్కడినుంచి సింహళం, తరువాత బెంగాల్, ఆ తరువాత మన కోరమాండల్ తీరం. ఆయన ఇక్కడికి వచ్చేనాటికి దేశం కల్లోలంగా ఉంది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. ఉత్తర తీరంలో యుద్ధం, దానితోపాటు కరువు. ఆయన ఈ తీరంలో ఉన్న కాలంలోనే, 1690లో, డచ్చివారి ప్రధాన కార్యస్థానం పులికాట్ నుంచి నాగపట్నానికి మారింది.

బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే వారం ముందు నుంచే హడావుడి. లెడ్జర్లు సర్దుతారు, ఓచర్లు వెతుకుతారు. ఇన్‌స్పెక్టరు వెళ్ళిన వారానికి అంతా మళ్ళీ మామూలే. వాన్ రీడ్ ఏడేళ్ళు తిరిగాడు. 1691 డిసెంబరు 15న, మలబారు నుంచి సూరత్ వెళ్తూ, బొంబాయి దగ్గర సముద్రంలో ఓడలోనే కన్నుమూశాడు. సూరత్‌లో సమాధి చేశారు. అప్పుడు ఆయన వయసు 55. పని పూర్తికాలేదు. ఆయన పట్టుకున్న జబ్బు కంపెనీని వదలనూ లేదు. యుద్ధాలు, అప్పులు, అవినీతి అన్నీ కలిసి 1799 చివరకు ఆ కంపెనీ మూతపడింది. తనిఖీ అధికారి ఎంత గట్టివాడైనా, రోజూ పుస్తకం రాసేవాడి చేతిలో నిజాయితీ లేకపోతే సంస్థ నిలబడదు. ఆ రోజూ రాసే చేతులు రేపు మీవే.

ఇంతవరకు చెప్పి ఆపితే ఆయన ఒక నిజాయితీపరుడైన అధికారి, మీరూ అలా ఉండండి అని చెప్పి కూర్చోవచ్చు. కానీ అది సగం కథే.

ఆయన సరిచూసిన లెక్కల్లో బట్టల మూటలు, మిరియాల బస్తాలు మాత్రమే లేవు. మనుషులు కూడా ఉన్నారు. 17వ శతాబ్దంలో పులికాట్ నుంచి, నాగపట్నం నుంచి, ఈ తీరంలోని ఇతర రేవుల నుంచి డచ్చివారు వేలాది మందిని బానిసలుగా కొని ఓడలెక్కించారు. కరువు వచ్చినప్పుడు ఈ వ్యాపారం పెరిగేది. తిండిలేక తల్లిదండ్రులు పిల్లలను అమ్ముకున్న రోజులవి. అలా వెళ్ళినవారు బటావియాలో, సింహళంలో, కేప్‌లో పనిచేశారు. కేప్ రికార్డుల్లో వాళ్ళకు ఇంటిపేరు లేదు. యజమాని పెట్టిన ఒక పేరు, దాని పక్కన కోరమాండల్ అనో బెంగాల్ అనో వచ్చిన చోటు. వాళ్ళలో మన భాష మాట్లాడినవాళ్ళూ ఉండి ఉంటారు.

వాన్ రీడ్ ఇది చూడలేదా? చూశాడు. 1685లో కేప్‌లో కంపెనీ బానిసల పరిస్థితి పరిశీలించి, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పించాలని, యూరపు తండ్రులకు పుట్టినవారిని ఫలానా వయసు రాగానే కొన్ని షరతులతో విడిచిపెట్టవచ్చని ఉత్తర్వులు రాశాడు. ఆ కాలానికి అది కొంత నయం. కానీ మనిషిని సరుకుగా రాసుకునే పద్ధతినే తప్పు అనలేదు. కంపెనీకి ఒక్క కాసు నష్టం రాకుండా చూడటం తన ధర్మం అనుకున్నాడు.

వాణిజ్యశాస్త్రం చదివే పిల్లలకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. డెబిట్, క్రెడిట్ టాలీ అయితే లెక్క సరిపోయినట్టు. అంకె తప్పుందో లేదో టాలీ చెబుతుంది. పని తప్పుందో లేదో అది చెప్పదు. అంకెలన్నీ సరిగ్గా ఉన్న పుస్తకంలోనే ఘోరమైన అన్యాయం కూర్చుని ఉండవచ్చు. కాబట్టి రేపు మీ ముందుకు కాగితం వచ్చినప్పుడు కూడిక ఒక్కటే చూడకండి. ఇది ఏ పని తాలూకు కాగితం, దీనివల్ల ఎవరికి ఏమవుతుంది అని కూడా చూడండి.

ఇప్పుడు ఆయన రెండో పుస్తకం. ఇది ఇన్‌స్పెక్షన్ కంటే ముందు, కొచ్చిన్‌లో అధిపతిగా ఉండగా మొదలుపెట్టింది. మలబారు మొక్కలన్నిటి బొమ్మలు గీయించి, వాటి పేర్లు, వైద్యగుణాలు రాయించాలని సంకల్పించాడు. హోర్టూస్ మలబారికస్, అంటే మలబారు తోట అని లాటిన్‌లో పేరు. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో 12 సంపుటాలుగా అచ్చయింది. చివరివి ఆయన పోయిన తరువాత వచ్చాయి. 742 మొక్కల వర్ణన ఉంది. మొదటి సంపుటం మన కొబ్బరిచెట్టుతో మొదలవుతుంది. 1753లో లిన్నేయస్ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు మలబారు మొక్కలకు ఈ గ్రంథాన్నే ఆధారం చేసుకున్నాడు.

వాన్ రీడ్ సైనికుడు. వృక్షశాస్త్రం చదివినవాడు కాదు. మరి ఇదంతా ఎవరికి తెలుసు? చేర్తల ప్రాంతానికి చెందిన ఇట్టి అచ్యుతన్ అనే వైద్యుడికి తెలుసు. ఆయన ఈళవ కులస్థుడు. ఆనాటి కులవ్యవస్థ ఆ కులానికి గుడి వాకిలి కూడా తెరవలేదు. తాతముత్తాతల నుంచి వచ్చిన తాళపత్రాల్లోని వైద్యాన్ని ఆయన చెబితే, ఇమాన్యుయెల్ కార్నీరో అనే దుబాసీ పోర్చుగీసులోకి మార్చాడు. అక్కడినుంచి అది లాటిన్‌లోకి వెళ్ళింది. రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు అనే ముగ్గురు కొంకణీ వైద్యులు కూడా పనిచేశారు.

పిల్లలూ, ఇక్కడ ఒక విషయం గమనించండి. అధికారి అనుకుంటే వీళ్ళ పేర్లు లేకుండానే పుస్తకం వేయవచ్చు. అడిగేవాడు లేడు. కానీ 1675 ఏప్రిల్ 20న ఇట్టి అచ్యుతన్ తన భాషలో, తన లిపిలో, ఈ సమాచారం నేనిచ్చాను అని రాసిచ్చిన ధ్రువపత్రాన్ని మొదటి సంపుటంలో అదే లిపిలో అచ్చు వేశారు. కొంకణీ వైద్యుల పత్రాన్ని నాగరి లిపిలో వేశారు. మలయాళ అక్షరాలు అచ్చులో కనిపించడం అదే మొదటిసారి అంటారు. ముఖపత్రం మీద పెద్ద పేరు గవర్నరుదే, అది నిజం. అయినా ఆ ఒక్క పుట ఉండబట్టే, సుమారు 350 ఏళ్ళ తరువాత కూడా ఇట్టి అచ్యుతన్ ఎవరో మనకు తెలుసు. కాలికట్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కె.ఎస్. మణిలాల్ దశాబ్దాలు శ్రమించి ఆ 12 సంపుటాలనూ ఇంగ్లీషులోకి తెచ్చారు. 2003లో కేరళ విశ్వవిద్యాలయం ప్రచురించింది. 2020లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2025 జనవరిలో ఆయన పరమపదించారు.

ఒకే మనిషి చేతికింద రెండు పుస్తకాలు. మొక్కల పుస్తకంలో పేదవైద్యుడికి పేరుంది, సంతకం ఉంది. లెక్కల పుస్తకంలో ఓడెక్కిన మనిషికి సొంత పేరు కూడా లేదు. చేతిలో అధికారం ఉన్నవాడు ఎవరి పేరు రాస్తాడు, ఎవరి పేరు వదిలేస్తాడు అన్నది చిన్న విషయం కాదని ఈ కథ చెబుతుంది.

రేపు మీలో ఒకరు ఇంజనీరవుతారు, ఒకరు నర్సవుతారు, ఒకరు నాలాగా కౌంటరు వెనక కూర్చుంటారు. ప్రాజెక్టు రిపోర్టు రాసేటప్పుడు మీకు సాయం చేసిన ల్యాబ్ అసిస్టెంటు పేరు రాయండి. మీ కింద పనిచేసేవాళ్ళను పేరుపెట్టి పిలవండి. తల్లిదండ్రులకు నాదొక మనవి. బిడ్డకు ఉద్యోగం రాగానే జీతమెంత అని అడుగుతాం. తప్పులేదు, ఇల్లు గడవాలి. ఆ రాత్రి అన్నం పెడుతూ, నువ్వు చేసే పనేమిటి, దానివల్ల ఎవరికి మంచి జరుగుతుంది అని కూడా అడగండి. ఇంట్లో అడిగేవాళ్ళున్నారని తెలిస్తే ఆఫీసులో చెయ్యి జాగ్రత్తగా కదులుతుంది.

సెలవుల్లో వీలుంటే పులికాట్ వెళ్ళిరండి. గుమ్మిడిపూండి వైపు వెళ్ళే లోకల్ రైలెక్కి పొన్నేరిలో దిగితే అక్కడినుంచి బస్సులున్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న డచ్చి శ్మశానంలో అధికారుల పేర్లు రాళ్ళమీద చెక్కి ఉన్నాయి. చూడండి. తరువాత రేవువైపు నడిచి, రాయి లేనివాళ్ళను కూడా ఒక్క నిమిషం తలచుకోండి.

ఈ రోజు ఉపకార వేతనం అందుకున్న పిల్లలందరికీ నా ఆశీస్సులు.